చెక్కమీద రాయాల్సిన వాక్యం

బోర్డుల షెడ్డు,
జూన్ 4.

ఒరేయ్ చిన్నోడా,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నేనూ మీ బావా బాగున్నాం. ఈ కాలంలో కూడా ఉత్తరాలేమిటని నీ గది పక్కవాళ్ళు నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. ఫోన్ నా చెవికి పెట్టినా ఒకటే, గోడకి పెట్టినా ఒకటే. చెవులు పోయినా కళ్ళు మాత్రం గట్టిగానే ఉన్నాయి కాబట్టి నాకు కాగితమే దిక్కు.

అసలు సంగతికి వస్తాను. నిన్న చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు నన్ను ఆపి, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా పెదాలు కదిపి చెప్పారు. సెప్టెంబరులో నువ్వు సూపర్‌వైజరుగా ఇక్కడికి బదిలీ అయి వస్తున్నావు కదా, ఆ నెల రెండో ఆదివారం నిన్ను సంఘ పెద్దగా నియమిస్తారట. నాన్న పోయిన ఎనిమిదేళ్ళకి ఆ కుర్చీలో మళ్ళీ మనింటివాడు! అందరి ముందూ ఏడ్చేశాను. ముక్కు ఎర్రబడిందని మీ బావ ఇంటిదాకా వెక్కిరిస్తూనే ఉన్నాడు.

మన సంఘం పద్ధతి నీకు తెలిసిందే. పెద్దగా వచ్చేవాడు తనకి ప్రాణమైన వాక్యం ఒకటి ఎంచుకోవాలి. దుకాణాల బోర్డులు రాసేదాన్ని కాబట్టి దాన్ని చెక్కమీద రాసేది నేనే. ఆ చెక్క పట్టుకుని నిలబడి, ఆ మాట తన బతుకులో ఎక్కడ పనిచేసిందో ఐదు నిమిషాలు చెప్పాలి. పోయినసారి రొట్టెల బట్టీ ఆయన నలభై నిమిషాలు చెప్పాడు. గుడిలో హాయిగా కూర్చున్నది నేనొక్కదాన్నే.

నీ వాక్యం ఏదో నాకు తెలుసులే. కాలు జారనివ్వనివాడు, కునుకు తీయనివాడు కాపాడతాడన్న ఆ కీర్తన మాటే కదా? పనిలో చేరిన ఏడాది నీ పనిముట్ల పెట్టె మూతకి లోపలివైపు నా చేత రాయించుకున్నావు. లిఫ్టులు బాగుచేసేవాడికి అంతకంటే ఏం కావాలి? అయినా నీ నోటితో నువ్వు చెప్పాలి కాబట్టి అడుగుతున్నాను. మూడడుగుల చెక్క కోయించి ఆరబెట్టాను.

మీ మేస్త్రి కాలు ఎలా ఉంది? ఏప్రిల్‌లో ఆ ప్రమాదం జరిగిందని రాశావు, తర్వాత మాటే లేదు.

అక్క

*

మేడమీది గది,
జూన్ 15.

అక్కా,

నీ ఉత్తరం అందింది. నాన్న కుర్చీలో కూర్చునేంతవాణ్ని కాను. అయ్యగారు పిలిచారు కాబట్టి తల వంచుతున్నాను, అంతే.

వాక్యం మాత్రం అది వద్దు. చిన్నప్పటి ఇష్టం అది, ఇప్పుడు కాదు. అపొస్తలుడు ఒకచోట రాశాడే, వెనక ఉన్నవాటిని మరచి ముందున్నవాటి కోసం పరుగెత్తుతున్నానని, అది రాయి. విశ్వాసికి అంతకంటే పనికొచ్చే మాట లేదు. వెనక్కి చూసుకుంటూ కూర్చుంటే ఎవరూ ఎక్కడికీ చేరరు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. పని ఎక్కువగా ఉంది. బావని అడిగానని చెప్పు.

చిన్నోడు

*

బోర్డుల షెడ్డు,
జూలై 2.

చిన్నోడా,

చెక్కమీద పెన్సిల్‌తో గీతలు గీసి, నువ్వు చెప్పిన వాక్యం సన్నగా దిద్దాను. రంగు ఇంకా వెయ్యలేదు. చెయ్యి ముందుకి పోవడం లేదురా.

మంచి మాటే, కాదనను. కానీ దాన్ని రాసినాయన తను వెనక ఏం చేశాడో ఏదీ దాచలేదు. సంఘాన్ని హింసించానని పదిమందిలో చెప్పుకున్న తర్వాతే మరచిపోతున్నానన్నాడు. నువ్వేం మరచిపోవాలనుకుంటున్నావు? పదోతరగతి లెక్కల పరీక్షా?

ఇంకొకటి. పోయిన ఉత్తరంలో కలం ఎంత గట్టిగా నొక్కావంటే కాగితం వెనకవైపు వేలితో తడిమితే అక్షరాలు తగులుతున్నాయి. చిన్నప్పుడు అబద్ధమాడి దొరికిపోయిన రోజున నీ పలక కూడా అలాగే ఉండేది. ఊరికే అంటున్నానులే, కోపం తెచ్చుకోకు.

మీ మేస్త్రి కాలు సంగతి అడిగాను, జవాబు లేదు. పదకొండేళ్ళు ఆయనతో కలిసి పనిచేశావు. స్క్రూడ్రైవరు పట్టుకోవడం దగ్గర్నుంచీ ఆయనే నేర్పాడు. ఆయన భార్యతో కలిసి మన సభలకి వచ్చినప్పుడు ఇదే షెడ్డులో కూర్చుని, ‘మీ తమ్ముడు నాకు కుడిచెయ్యమ్మా’ అని కాగితమ్మీద రాసి చూపించాడు. ఆ మనిషి ఎలా ఉన్నాడో చెప్పడానికి ఒక వాక్యం చాలదా?

అక్క

*

మేడమీది గది,
జూలై 19.

అక్కా,

మేస్త్రి అన్న ఆసుపత్రిలోనే ఉన్నాడు. కాలు తీసెయ్యలేదు, లోపల కడ్డీలు వేశారు. నడుస్తాడట కానీ నిచ్చెన ఎక్కలేడు. నేను ప్రతి ఆదివారం వెళ్ళి మంచం పక్కన ప్రార్థన చేసి వస్తున్నాను. ఇంతకంటే ఏం రాయను?

కంపెనీవాళ్ళు విచారణ పెట్టారు. ఇలాంటివాటికి మామూలే. సెప్టెంబరులో నియామకం ఆదివారం అయితే విచారణ ఆ మంగళవారం. రెండూ చూసుకుని, సామాను సర్దుకుని బదిలీ మీద వచ్చేస్తాను.

వాక్యం మారుస్తున్నాను, తిట్టకు. క్రీస్తులో ఉన్నవారికి ఇక ఏ శిక్షావిధీ లేదని ఉంది కదా, అది రాయి. రోజూ పొద్దున అదే చదువుకుంటున్నాను. ఒక్కో రోజు నాలుగైదుసార్లు. అది చదివితేగానీ గది తాళం వేసి పనిలోకి వెళ్ళలేకపోతున్నాను.

దయచేసి ఈసారి ప్రశ్నలు వెయ్యకుండా రాసిపెట్టు.

చిన్నోడు

*

బోర్డుల షెడ్డు,
ఆగస్టు 5.

చిన్నోడా,

ప్రశ్న వెయ్యకుండా ఉండలేను. ఇన్నాళ్ళూ వేసినవి ఊరికే వేసినవి కావని కూడా ఇప్పుడు చెప్పాలి.

జూన్ చివర్లో మీ మేస్త్రి భార్య నుంచి నాకో ఉత్తరం వచ్చింది. అందులో మీ రిజిస్టరు పేజీ నకలు ఒకటి, ఆయన తన చేత్తో రాసిన పాత ఉత్తరం ఒకటి పెట్టింది. ఆ పేజీలో బ్రేకు పరీక్షించినట్టు ఒక గడి ఉంది. అందులో ఆయన పేరుకి రెండు పొడి అక్షరాలు ఉన్నాయి. ‘బ్రేకు చూశానని నువ్వే సంతకం పెట్టావు, అరిగిపోయిన బ్రేకుని చూడకుండానే పెట్టావు, తప్పంతా నీదే’ అని కంపెనీవాళ్ళు అంటున్నారట. లైసెన్సు తీసేస్తారు, వైద్యం కూడా ఆపేస్తారు. ఆయనేమో నేను పైకే ఎక్కలేదు, సంతకమే పెట్టలేదు అంటున్నాడట. ఆవిడ ఇలా రాసింది: ‘రోజంతా అక్షరాలతోనే ఉంటారు కదా వదినా. ఇది మా ఆయన రాత అవునో కాదో చెప్పండి. ఇంకెవరిని అడగాలో తెలియక అడుగుతున్నాను.’

నీ మీద ఆవిడకి ఈగంత అనుమానం కూడా లేదు. తమ్ముడు వారం వారం వచ్చి ప్రార్థన చేసి వెళ్తాడు, ఆ మాటలే మాకు బలం అని కూడా రాసింది.

నేను ఎడమచేతి మనిషిని. నీ చెయ్యి పట్టుకుని పలకమీద దిద్దించింది నేను. అందుకే నీది కుడిచెయ్యే అయినా తలకట్టు నాలాగే కుడివైపు నుంచి మొదలుపెడతావు. అందరికీ ఎడమవైపు లావుగా పడేది మనిద్దరికీ కుడివైపు పడుతుంది. బడిలో పంతులు ఎన్నిసార్లు వేళ్ళమీద కొట్టినా నీకది పోలేదు.

ఆ గడిలో రెండు తలకట్లూ కుడివైపే లావుగా ఉన్నాయిరా.

ఒక్క వాక్యం రాయి. అది నీ చెయ్యేనా?

అక్క

*

మేడమీది గది,
ఆగస్టు 13.

అక్కా,

నా చెయ్యే. అయితే?

నీకు మా పని తెలియదు. ఒకరు మేడమీద మోటారు గదిలో బ్రేకు చూడాలి, ఒకరు కింద లిఫ్టు గుంటలోకి దిగి శుభ్రం చెయ్యాలి. నెలకొకరి వంతు. డ్యూటీ చార్టులో అలాగే ఉంటుంది. అన్నకి మెట్లెక్కితే ఆయాసం. ఆ మాట కంపెనీకి తెలిస్తే పనిలోంచి తీసేస్తారు. అందుకని ఆయన వంతు వచ్చిన నెల కూడా నేనే పైకెక్కేవాణ్ని, ఆయన గుంటలోకి దిగేవాడు. పుస్తకంలో మాత్రం చార్టు ప్రకారమే ఉండాలి కదా? అందుకని ఇద్దరి పొడి అక్షరాలూ నేనే వేసేవాణ్ని. పుస్తకం ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. పదకొండేళ్ళు ఆయన పేరు నేనే రాశాను. అది దొంగతనం కాదు, ఆయన ఉద్యోగం నిలబెట్టడానికి చేసిన పని. వంతులు మార్చుకుంటున్నామని ఆయనకీ తెలుసు, పుస్తకంలో ఏం రాస్తున్నానో మాత్రం ఏనాడూ అడగలేదు.

ప్రమాదం జరిగాక వెంటనే రాసిచ్చిన కాగితంలో, చార్టు ప్రకారమే చేశామని, గుంటలో నా పని ముగించి బయటికి వచ్చాక ఆయన ఎందుకు దిగాడో తెలియదని రాశాను. ఆ క్షణాన చెయ్యి అలా పోయింది. రాసింది మళ్ళీ కొట్టెయ్యలేను. కొట్టేస్తే నా లైసెన్సు పోతుంది, బదిలీ పోతుంది, పోలీసులదాకా వెళ్తుంది. నాన్న కుర్చీ సంగతి సరేసరి. నేను జైలుకెళితే అన్నకి కొత్త కాలు వస్తుందా?

శిక్షావిధి లేదన్న మాట అబద్ధమా, చెప్పు. లేక అది అందరికీ రాసి నాకొక్కడికీ రాయలేదా?

ఆ నకలు చించెయ్యి. ఆవిడకి గుర్తుపట్టలేకపోతున్నానని రాసెయ్యి. నువ్వు నా అక్కవి. పరాయిదానివి కావు.

చిన్నోడు

*

బోర్డుల షెడ్డు,
ఆగస్టు 21.

చిన్నోడా,

నువ్వు చెప్పకముందే రాసేశాను.

జూలై ఒకటినే రాశాను. ‘నకలు మసగ్గా ఉంది, ఖచ్చితంగా చెప్పలేను వదినా, క్షమించండి’ అని. పాతికేళ్ళుగా అక్షరాలు రాసి బతుకుతున్నదాన్ని, చూసిన మొదటి క్షణంలోనే పోల్చుకున్నదాన్ని, అలా రాసి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. తర్వాత నీకు లెక్కల పరీక్ష మీద జోకు వేస్తూ ఉత్తరం రాశాను. కాబట్టి నీకు నీతులు చెప్పడానికి నాకు నోరు లేదు. ఇద్దరం ఒకే పడవలో ఉన్నాం.

నా షెడ్డులో గుమ్మానికి ఎదురుగా నా వాక్యం ఉంటుంది, నీకు గుర్తే కదా. సత్యాన్ని తెలుసుకుంటే అది మిమ్మల్ని విడిపిస్తుందన్న మాట. బాప్తిస్మం రోజున ఎంచుకున్నాను. ఎందుకెంచుకున్నానో తెలుసా? చెక్కమీద అందంగా కుదురుతుందని. పదిహేడేళ్ళ పిల్లని, అంతకంటే ఏం తెలుసు? ఆవిడకి ఆ ఉత్తరం పోస్టు చేసి వచ్చిన రోజు ఆ చెక్కని గోడవైపు తిప్పేశాను. ఇంకా అలాగే ఉంది. దుమ్ము పట్టిందేమో అని తిప్పావా అని మీ బావ అడిగితే అవునన్నాను. అదొక అబద్ధం.

నీ శిక్షావిధి మాట అబద్ధం కాదురా. అది నీకూ రాసిందే. కానీ ఆ మాట నిజమైతే నువ్వు భయపడకూడదు కదా? దేవుడు శిక్షించడని నమ్మినవాడికి కంపెనీ ఏం చేస్తుందన్న దడ ఎందుకు? నువ్వు దాన్ని రోజుకి నాలుగైదుసార్లు చదివేది నమ్మి కాదు, నొప్పి తెలియకుండా ఉండడానికి. నాకు కోపం వస్తోంది, నీ మీద కంటే నా మీదే ఎక్కువ.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. సంతకం గురించి అంతా రాశావు. చార్టు గురించి రాశావు. ఆయాసం గురించి రాశావు. ఒక్కటి మాత్రం రాయలేదు. ఆ రోజు నువ్వు పైకెక్కావా? బ్రేకు చూశావా?

ఆవిడకి నిజం రాసి కవరు అంటించి పెట్టాను. అది నీ రాత అని, మొదటిసారి నేను అబద్ధం రాశానని ఉంది అందులో. సెప్టెంబరు మొదటి శనివారం పోస్టు చేస్తాను. ఆలోపు నువ్వే వెళ్ళి చెబితే ఆవిడకి ఆ సంగతి నీ నోటివెంట తెలుస్తుంది. లేకపోతే నా కవరులోంచి తెలుస్తుంది. నువ్వు నన్ను ఇక జన్మలో అక్కా అని పిలవకపోయినా సరే.

చెక్కమీద దిద్దినవన్నీ గరుకు కాగితంతో రుద్దేశాను.

అక్క

*

ఆసుపత్రి ఎదుట బెంచీ,
ఆగస్టు 31.

అక్కా,

ఎక్కలేదు.

ఆ సాయంత్రం ఇక్కడి సంఘంలో వాక్య ధ్యానం నేనే చెప్పాలి. ఆలస్యమైపోతోంది. లిఫ్టు ఆపేశాం కాబట్టి మెట్లమీదే వెళ్ళాలి. ఆరో అంతస్తుదాకా వెళ్ళి వాచీ చూసుకున్నాను. మోటారు గది ఇంకో రెండు వరసల మెట్లు. నాలుగు నెలలుగా బ్రేకు బాగానే ఉందిలే అనుకున్నాను. కిందినుంచి అన్న ‘పైన చూశావా?’ అని కేకేశాడు. ఆ అంతస్తు లిఫ్టు తలుపు తెరిచి లోపలికి తల పెట్టి ‘చూశా, దిగన్నా’ అని అరిచాను. పుస్తకం మోకాలిమీద పెట్టుకుని బ్రేకు గడిలో ఆయన పేరు రాశాను.

లిఫ్టుకి వెనక ఎదురు బరువు ఒకటి ఉంటుంది, ఖాళీ లిఫ్టు కంటే అదే ఎక్కువ బరువు. బ్రేకు పట్టకపోతే లిఫ్టు పైకి పోతుంది, ఆ బరువు కిందికి దిగుతుంది. అది ఒక్కసారిగా పడలేదు. మెల్లగా జారింది. తాడు కదులుతుంటే నేను చూస్తూనే ఉన్నాను, నాకు అర్థమయ్యేలోపు అన్న కేక వినిపించింది.

ఆ రోజు నేను చెప్పాల్సిన ధ్యానం దేనిమీదో తెలుసా? కునుకు తీయనివాడి మీద. అందుకే ఆ వాక్యం వద్దన్నాను. అప్పట్నుంచీ ఆ పెట్టె మూత తెరిచి పెట్టుకుని పనిచెయ్యలేకపోతున్నాను. పనిముట్లన్నీ సంచీలో వేసుకుని తిరుగుతున్నాను.

మూడు నెలల్నుంచి వాక్యం వెతుకుతున్నాను అక్కా. ప్రతిదాంట్లో నాకు దాక్కునే చోటు ఎక్కడుందా అని వెతికాను. నిన్న కొండమీది ప్రసంగం చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. నీ సహోదరుడికి నీ మీద ఏదైనా విరోధం ఉందని బలిపీఠం దగ్గర గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి అతనితో సమాధానపడమని. ఎన్నోసార్లు చదివిందే. ముందు వెళ్ళమన్నాడు, ప్రార్థన చేసి వెళ్ళమనలేదు. నేను వారం వారం అన్న మంచం పక్కన చేసింది ప్రార్థన ఒక్కటే.

అదే నా వాక్యం. ఇష్టపడి ఎంచుకున్నానని చెప్పలేను. తప్పించుకోలేకపోయాను.

నియామకం ఆదివారం నాకోసం చూడొద్దు. అయ్యగారికి విడిగా రాశాను. ఈ ఉత్తరం డబ్బాలో వేసి లోపలికి వెళుతున్నాను.

చిన్నోడు

*

మేడమీది గది,
సెప్టెంబరు 19.

అక్కా,

ఆ రోజు నేను చెబుతుంటే వదిన నిమ్మరసం గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. నేను చెప్పడం అయ్యేదాకా ఆ గ్లాసు కింద పెట్టలేదు. తర్వాత ‘బయటికి నడువు’ అంది. అన్న గోడవైపు చూస్తున్నాడు. గుమ్మందాకా వచ్చాక ఆయన గొంతు వినిపించింది. ‘పదకొండేళ్ళు నీ కేక విని దిగాను. ఒక్కసారైనా రెండోసారి అడగలేదురా.’

వారం తిరక్కుండా నీ కవరు కూడా అందిందట.

మంగళవారం విచారణలో మొత్తం చెప్పాను. పాత కాగితం అబద్ధమని రాసిచ్చాను. చార్టు మార్చుకుని పనిచేసినందుకు అన్నని మందలించారు, అంతకుమించి ఆయన మీద ఏమీ లేదు. వైద్యం ఆగదు. నడక వచ్చాక స్టోరులో కూర్చునే పని ఇస్తామన్నారు. నా లైసెన్సు అక్కడికక్కడే తీసుకున్నారు. పోలీసు కేసు ఉంటుందట. పిలిచినప్పుడల్లా వెళ్ళాలి, ఊరు విడిచి వెళ్ళకూడదు. ఇప్పుడు ఒక గోదాములో సామాను ఎత్తి దించుతున్నాను. సాయంత్రానికి నడుం విరుగుతోంది కానీ నిద్ర పడుతోంది.

మొన్న కంపెనీ అధికారి కొత్త కాగితం తెచ్చి అన్న సంతకం కావాలన్నాడు. నేనూ ఉండాలన్నారు కాబట్టి మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళాను. అన్న దిండుకి ఆనుకుని, బోర్లించిన పళ్ళెం మీద కాగితం పెట్టుకుని పేరు రాశాడు. చాలాసేపు పట్టింది. సన్నగా, వాలుగా, ఎంతో ఓపిగ్గా రాశాడు. నేను రాసేదానికీ దానికీ పోలికే లేదు. పదకొండేళ్ళు ఆయన పేరు రాశాను అక్కా, ఆయన తన పేరు ఎలా రాసుకుంటాడో ఏనాడూ చూడలేదు. అక్కడ ఏడ్చాను. అంతకుముందు ఒక్కసారి కూడా ఏడవలేదు.

అధికారి వెళ్ళాక అలవాటుగా మంచం పక్కన తల వంచి నిలబడ్డాను. అన్న చెయ్యెత్తి ఆపాడు. ‘ఇవాళ ప్రార్థన వద్దు. ఊరికే కూర్చో’ అన్నాడు.

కూర్చున్నాను. వదిన వచ్చి చూసి, పొమ్మనలేదు. మళ్ళీ ఆదివారం రమ్మని కూడా ఎవరూ అనలేదు. అయినా వెళతాను.

చిన్నోడు

*

బోర్డుల షెడ్డు,
అక్టోబరు 3.

చిన్నోడా,

ఆ ఆదివారం నాన్న కుర్చీ ఖాళీగానే ఉంచారు. నీ ఉత్తరం అందిందని అయ్యగారు నాతో అన్నారు, అందరికీ చదివి వినిపించలేదు. తిరిగొచ్చాక నువ్వే చెబుతావన్నారు. పెద్దగా తీసుకుంటారో లేదో నాకు తెలియదు. ఆయనకీ తెలియదు. ఆ మాట అడగడానికి ఇది సమయం కాదు కూడా.

ఆవిడ నాకు జవాబు రాసింది. నాలుగే లైన్లు. ‘మీరు ముందే చెప్పి ఉంటే ఈ రెండు నెలలూ మా ఆయన తనని తనే అనుమానించుకుంటూ పడుకునేవాడు కాదు. నేనే సంతకం పెట్టి మరచిపోయానేమో అని రోజూ నన్ను అడిగేవాడు. పిచ్చెక్కుతోందేమో అని భయపడ్డాం. మీ మీద నాకు చాలా కోపంగా ఉంది వదినా.’ ఇంకా వదినా అనే రాసింది. దాన్ని చదివి షెడ్డు తలుపు వేసుకున్నాను. జవాబులో మంచి మాటలేవీ రాయలేదు. తప్పు చేశానని మాత్రం రాశాను.

తర్వాత నా చెక్కని ఇటు తిప్పాను. నిజంగానే దుమ్ము పట్టింది. విడిపిస్తుందని ఉంది కానీ, విడిపించేముందు ఇంత నొప్పి పెడుతుందని పదిహేడేళ్ళప్పుడు ఎవరూ చెప్పలేదు. దుమ్ము తుడుస్తూ మీ బావకి అంతా చెప్పాను. ఆయన వెక్కిరించలేదు.

నీకో పార్శిలు పంపుతున్నాను. అందులో నీ చెక్క ఉంది. మళ్ళీ కొత్తగా రుద్ది, నువ్వు చెప్పిన వాక్యానికి సరిపడా గీతలు మాత్రం గీశాను. ఈ సంఘంలో ఉన్న చెక్కలన్నీ నేనే రాశాను, ఇది నేను రాయను. రెండు కుంచెలు, ఒక డబ్బా నల్లరంగు పెట్టాను. మూత గట్టిగా బిగించాను, పిన్నీసుతో తియ్యి. తొందరపడకు, పొద్దుటి వెలుతురులో రాయి. రాశాక ఏ గోడకి తగిలిస్తావో నీ ఇష్టం.

తలకట్టు ఎటునుంచి మొదలుపెట్టినా ఫర్వాలేదు. కింద కుడివైపు మూల కొంచెం చోటు వదిలాను. అక్కడ నీ పేరు రాయి.

అక్క